నాలుగో బొమ్మ

ఏసీని ఎవరు, ఎందుకు కనిపెట్టారో నాకు తెలీదు గానీ, మా సెమినార్ హాల్లో ఏసీని మాత్రం నా మెడ కోసమే కనిపెట్టారు. ఇంత పెద్ద హాల్లో అందరూ కరపత్రాలతో విసురుకుంటున్నారు. వేదిక పక్కన ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న నా మెడ మీద ఒక్కచోటే చలికాలం. తగ్గించమంటే రిమోటు సూపరింటెండెంటుగారి బీరువాలో ఉందన్నారు, ఆయన సెలవులో ఉన్నారన్నారు, తాళం కూడా ఆయనతోపాటే సెలవు పెట్టిందన్నారు. మా అత్తయ్య పొద్దున్నే చెప్పింది, "అమ్మాయ్, ఏదైనా కప్పుకుని పో, పెద్దవాళ్ళ పక్కన కూర్చుంటే చలేస్తుంది" అని. ఆవిడ ఏ చలి గురించి అందో అప్పుడు అర్థం కాలేదు. "తర్వాతిదమ్మా," అంటున్నారు మా గైడు మైకులో. నొక్కాను. ప్రస్తుతానికి నా ఉద్యోగం ఇదే. ఆయన తర్వాతిదంటారు, నేను కుడివైపు బాణం గుర్తు నొక్కుతాను, తెర మీద కొత్త స్లైడు వస్తుంది, ఆయన దాన్ని ఎప్పుడో తన చేత్తో రాసుకున్నట్టు చూస్తారు. ఆయనకి నొక్కడం రాక కాదు. లిఫ్టు నొక్కుతారు, కాలింగ్ బెల్లు నొక్కుతారు, అవసరమైతే మా గొంతులూ నొక్కుతారు. కానీ వేదిక మీద పెద్దమనిషి తన స్లైడు తనే నొక్కుకుంటే ఏం మర్యాద? పక్కన ఒక శిష్యురాలు ఒంగి కూర్చుని నొక్కుతుంటేనే ఆయన ప్రొఫెసరు. మా దగ్గర అదొక పద్ధతి. మనిషి ఎంత పెద్దవాడో తెలుసుకోవాలంటే ఎన్ని పేపర్లు రాశాడని ఎవరూ అడగరు, నొక్కడానికి ఎవరున్నారని చూస్తారు.

వెనకాల బ్యానరు మీద "పరిశోధనా పత్రం: రాయడం, మెప్పించడం" అని ఉంది. ఆ మెప్పించడం అన్న మాట నేను పెట్టింది కాదు. హాలు నిండా కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థులు. సగం మంది సర్టిఫికెట్టు కోసం వచ్చారు, మిగతా సగం టీ బిస్కెట్ల కోసం వచ్చారు, ముందు వరసలో ఒకమ్మాయి మాత్రం నిజంగా రాసుకుంటోంది, ఒకప్పుడు నేనూ ఇలాగే ముందు వరసలో కూర్చుని ఈయన చెప్పినవన్నీ రాసుకున్నాను. "సైన్సుకి ప్రాణం ఏంటి? నిజాయితీ!" అంటున్నారు ఆయన, ఛాతీ మీద చెయ్యి వేసుకుని. ఆ మాటంటున్నప్పుడు ఆ మొహం చూడాలి, చీమ కుట్టినట్టయినా లేదు. చీమ కుట్టడం గురించి నాకు కొంచెం తెలుసు, నా పరిశోధన చీమల మీదే. ఒళ్ళో సంచి ఉంది, సంచిలో ఫైలు, ఫైల్లో నా థీసిస్, థీసిస్ చివర ఒక కాగితం, ఆ కాగితం అడుగున ఒక ఖాళీ గీత. దాని మీద ఈయన సంతకం పడితే నేను డాక్టరుని. పడకపోతే మా అత్తయ్య పక్కింటావిడతో చెప్పే "ఇంకా చదువుతోందండీ"ని. పడకపోతే వచ్చే వారం ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళి అక్కడి గేటు చూసి రావాలి. పొద్దున అడిగితే, "లెక్చరయ్యాక పెడతానులేమ్మా, పెన్ను తెచ్చుకో" అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన తన పెన్నుతో ఒక్క సంతకం పెట్టగా చూడలేదు నేను. తెచ్చుకున్నాను. రెండు తెచ్చుకున్నాను, ఒకటి రాయకపోతే ఇంకొకటి ఉంటుందని. భయమంటే అదీ.

"తర్వాతిదమ్మా." నొక్కాను. "పేపర్లో 'నేను' అన్న మాట రాకూడదు," అంటున్నారు. ఈ పాఠం నాకు వచ్చు, దెబ్బలు తిని నేర్చుకున్నాను. నా మొదటి చిత్తుప్రతిలో, నేను గాజు పలక మీద నారింజ తొక్క నూనెతో గీత గీశాను, నేను చీమల్ని వదిలాను, అని రాసుకుపోయాను. ఆ కాగితం నాకు తిరిగొచ్చేసరికి పెళ్ళివారి శుభలేఖలా ఎర్రగా ఉంది. ఆయన్ని మేమంతా కామా సార్ అంటాం, వెనకాల. లోపల విషయం ఎటు పోయినా ఆయనకి బాధ లేదు, కామా మాత్రం పోకూడదు. కామాలన్నీ సర్ది, చివర్లో నేనులన్నీ ఏరి పారేశారు, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. "చీమలు వదలబడ్డాయి అని రాయమ్మా," అన్నారు. "మరి వదిలిందెవరు సార్?" అన్నాను, అప్పటికింకా నోరు ఉండేది నాకు. "సైన్సు," అన్నారు. సరే, సైన్సే వదిలింది. సైన్సే పొద్దున్నే బస్సులో నిలబడి వచ్చింది, సైన్సే పంచదార నీళ్ళు కలిపింది, ఆదివారాలు సైన్సే ఇంట్లో అబద్ధం చెప్పి ల్యాబుకి పరిగెత్తింది. బాగానే ఉంది. కానీ ఆ పేపరు మీద పేర్లు వేసే రోజు వచ్చేసరికి సైన్సు ఎక్కడికి పోయిందో గానీ మనుషులు పుట్టగొడుగుల్లా లేచారు. మొదట ఆయన. తర్వాత డిపార్టుమెంటు హెడ్డుగారు, ఆయన చీమని చూస్తే కాలు పైకి పెట్టుకునే రకం. తర్వాత కామా సార్ వాళ్ళావిడ, ఆవిడది అసలు వేరే డిపార్టుమెంటు, లోహాల మీద పనిచేస్తుంది. "ఆవిడ సలహాలిచ్చిందమ్మా," అన్నారు. ఇచ్చింది, నిజమే, ఒకసారి వాళ్ళింటికి చిత్తుప్రతి పట్టుకెళ్తే చెప్పులు గుమ్మం బయట విప్పమంది. అందరి వెనకాల, పంక్తిలో ఆఖరి విస్తరిలా, నేను. లోపల నేను ఉండకూడదు, పైన ఉంటే చివర ఉండాలి.

చెవులు వేడెక్కుతున్నాయి. నాకు కోపం వస్తే ముందు చెవులు వేడెక్కుతాయి. మెడ మీద చలి, చెవుల్లో ఎండ, ఒక్క తలకాయలో రెండు ఋతువులు. "పద్ధతులు అన్న భాగం ఎలా ఉండాలంటే," అంటున్నారు, "ఇంకొకరు చదివి, అదే పని మళ్ళీ చేస్తే అదే ఫలితం రావాలి." నాయనా. ఆ మాట నోటితో ఎలా అనగలుగుతున్నారో. ఆయన చెప్పినట్టే చేశాను కదా నేను. ఆయన పాత పేపర్లు మూడింట్లో ఉన్న పద్ధతి పొల్లు పోకుండా చేశాను. గాజు పలకని మధ్యలో అడ్డంగా స్పిరిట్టుతో తుడవాలి, అక్కడే నారింజ నూనెతో గీత గీయాలి, ఒక పక్క చీమలు, ఇంకో పక్క పంచదార నీళ్ళు. చీమలు గీత దగ్గరికొచ్చి ఆగిపోయేవి, మీసాలు అటూ ఇటూ ఊపి వెనక్కి తిరిగేవి. ఆ లెక్కల్ని చుక్కలు పెట్టి గ్రాఫులుగా గీస్తే పేపర్లో మొదటి బొమ్మ, రెండో బొమ్మ, మూడో బొమ్మ. ఆయన మురిసిపోయారు. తర్వాత స్పిరిట్టు అయిపోయింది. స్టోర్సులో అడిగితే కొత్త బడ్జెట్టు వచ్చేదాకా లేదన్నారు. నేనేం చేశాను, ఆ పలకని మంచినీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టి, అదే నూనెతో అదే గీత గీసి చీమల్ని వదిలాను. అవి గీత దాటాయి. దాటడమంటే ఏదో తడబడి దాటడం కాదు, సంతకెళ్ళి వస్తున్నట్టు వరసలు కట్టి, నింపాదిగా, మధ్యలో ఆగి ఒకదాన్నొకటి పలకరించుకుంటూ దాటాయి. నాకే పొరపాటు జరిగిందనుకున్నాను. మళ్ళీ కడిగాను, మళ్ళీ ఆరబెట్టాను, మళ్ళీ దాటాయి. ఆఖరికి పక్క ల్యాబు వాళ్ళని బతిమాలి కొంచెం స్పిరిట్టు తెచ్చి, నూనె లేకుండా ఉత్త స్పిరిట్టు రాసి చూశాను. చీమలు ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ వాటిని ఆపింది నారింజ నూనె కాదు, పలక తుడిచిన స్పిరిట్టు వాసన. ఆ మధ్యాహ్నం నేను ల్యాబులో ఒక్కదాన్నే నిలబడి గట్టిగా నవ్వాను. ఎన్నో ఏళ్ళుగా ప్రపంచంలో ఎవరికీ తెలియని ఒక చిన్న సంగతి, చీమంత సంగతి, ఆ కాసేపు నాకొక్కదానికే తెలుసు. దాన్నే నాలుగో బొమ్మగా గీశాను. అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు. ఈ మాట మా ఆయనకి చెప్పకండి.

చెప్పినా ఏమీ అనుకోడులెండి. ఆయన బీమా ఆఫీసులో పనిచేస్తాడు, రాబోయే ప్రమాదాలన్నీ ముందే తెలిసినవాడు, కాబట్టి ఏదీ చెయ్యడు. ఇంట్లో ఆయన జీవిత సూత్రం ఒక్కటే, మనకెందుకు. కుళాయి కారుతుంటే మనకెందుకు, పైవాళ్ళు కుర్చీలు ఈడుస్తుంటే మనకెందుకు, కిందివాళ్ళు మన చెత్తబుట్ట ఎత్తుకుపోతే కూడా, "పోనిద్దూ, మనకెందుకు" అని కొత్తది కొనుక్కొచ్చాడు. నాలుగో బొమ్మ గురించి చెప్పినప్పుడూ అంతే. "ఆయన తీసెయ్యమంటే తీసెయ్. సంతకం పడేదాకా నవ్వుతూ ఉండు. పడ్డాక కూడా కొన్నాళ్ళు నవ్వు, అలవాటు తప్పకుండా," అన్నాడు. మా అత్తయ్య వంటింట్లోంచి, "ఇన్నేళ్ళు చదివి చీమని ఆపలేకపోయావా అమ్మాయ్? నా పంచదార డబ్బాలోవి చూడు, కాపురాలు పెట్టాయి," అంది. "ఆగవని కనిపెట్టానత్తయ్యా," అన్నాను. "ఆగవని నాకూ తెలుసుగా, నాకేదీ డాక్టరు?" అంది. ఆవిడతో వాదన పెట్టుకోకూడదు, ఆవిడ ఎప్పుడూ గెలిచి టీ పెడుతుంది.

కామా సార్‌కి ఆ బొమ్మ చూపించిన రోజు. చాలాసేపు చూశారు. నేను ఎంత పిచ్చిదాన్నంటే సంతోషిస్తారనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆ రోజు చీమలకి ఒంట్లో బాగోలేదేమో," అన్నారు. "రోజూ చేశాను సార్." "అయితే రోజూ బాగోలేదేమో." తర్వాత గొంతు తగ్గించి, కన్నతండ్రిలాగా, "చూడమ్మా, పేపరంటే పెళ్ళి ఆల్బమ్ లాంటిది. ఫోటోగ్రాఫరు వంద తీస్తాడు. కళ్ళు మూసుకున్నవి, నోరు తెరుచుకున్నవి మనం పెడతామా? ఈ నాలుగోది తీసెయ్," అన్నారు. నాలుగో బొమ్మ ఉంటే ఆయన పాత పేపర్లు మూడూ స్పిరిట్టు సీసా పాలవుతాయని నేనూ అనలేదు, ఆయనా అనలేదు. మా ఇద్దరి మధ్యా ఆ మాట అలా ఉండిపోయింది, పిలవని పేరంటానికొచ్చిన చుట్టంలా, కూర్చోమనేవాళ్ళు లేక. తీసేశాను. పేపర్లోంచి తీసేశాను. కానీ ఆ సంవత్సరం సదస్సులో నా పరిశోధన పోస్టరు గోడకి పెట్టే పూట, నాకేమైందో, ఆ బొమ్మని మామూలు కాగితం మీద అచ్చు తీసి జిగురు రాసి పోస్టరు మూలన అంటించాను, సరిగ్గా మా సంస్థ ముద్ర ఉన్నచోట. ముద్ర మూసుకుపోయింది. బాగా అంటుకుంది.

"తర్వాతిదమ్మా." నొక్కాను, అదిగో, ఆ ఫోటోయే వచ్చింది. ఇది పెట్టవద్దని బతిమాలాను. తెర మీద గోడంత పెద్దగా నేను, నోరు తెరుచుకుని. పక్కన పొట్టిగా, చెవి మిషను పెట్టుకున్న ఒక పెద్దావిడ, మా రంగంలో ఆవిడంటే ఆవిడే, ఆవిడ మెచ్చుకుంటే చాలు అనుకునేవాళ్ళు ఊళ్ళ నిండా ఉన్నారు. మా ఇద్దరి మధ్య కామా సార్, పెళ్ళికొడుకులా. హాల్లో నవ్వులు. "మా స్టూడెంటు ఆశ్చర్యం చూడండి," అంటున్నారు ఆయన. ఆశ్చర్యమా? ఆ రోజు ఆవిడ చేతిసంచి ఊపుకుంటూ వచ్చి, పోస్టరంతా చూసి, ఆ మూల అంటించిన కాగితం దగ్గర ఆగింది. "మొదటి మూడూ చూస్తుంటే నిద్రొచ్చింది తల్లీ. ఇది మాత్రం లేపింది. దీన్ని పెట్టాలన్న ధైర్యం ఎవరిది?" అంది. నేను నోరు తెరిచాను. తెరిచానంతే. నా భుజం వెనకనుంచి కామా సార్ అత్తరు వాసన, దాని వెనకాలే మాట: "నేనే పెట్టమన్నానండీ. వీళ్ళు చిన్నవాళ్ళు, ఓడిపోయిన ప్రయోగమంటే సిగ్గుపడతారు. దాచకూడదమ్మా అని నేనే పట్టుబట్టాను." కెమెరా మెరిసింది. ఆ తెరిచిన నోట్లో మాట ఇప్పటికీ అలాగే ఉంది, చూడండి, గోడంత నోరు. ఆల్బములో నోరు తెరుచుకున్న ఫోటోలు పెట్టకూడదన్న మనిషే దీన్ని ఊరూరా చూపిస్తున్నాడు. అప్పటినుంచీ ఈయన నిజాయితీకి గిరాకీ పెరిగిపోయింది. ప్రతి కాలేజీ పిలుస్తోంది, ఓటమిని దాచని శాస్త్రవేత్త అని. శాలువాలు మడతపెట్టడానికి వాళ్ళింట్లో చోటు లేదట. ప్రతి లెక్చరుకీ స్లైడ్లు నేనే చెయ్యాలి, నేనే వచ్చి నొక్కాలి. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు, అక్కడ కనీసం చుట్టరికమైనా ఉంది. పుట్ట చీమలది, కాపురం పాముది, అది సరే. ఈ పాము పుట్టలు కట్టడం ఎలా అని చీమలకి క్లాసు కూడా తీసుకుంటోంది, పైగా సర్టిఫికెట్టిస్తోంది.

ఇప్పుడు తెర మీద నాలుగో బొమ్మ. నా బొమ్మ. ఆ చుక్కలన్నీ నావి, ఏ చుక్క ఏ పూట పెట్టానో చెప్పగలను. ఆయన లేజరు ఎర్రచుక్క వాటి మీద పాకుతోంది, ఈగలా. "పూర్వ పరిశోధకులు," అంటున్నారు, "పూర్వ పరిశోధకులు ఇక్కడ పెద్ద పొరపాటు చేశారు. స్పిరిట్టు సంగతి చూసుకోలేదు. ఎంత అజాగ్రత్తో చూడండి!" ముందు వరస అమ్మాయి అయ్యో అన్నట్టు తలూపి రాసుకుంది. పూర్వ పరిశోధకులట. ఎవరండీ ఆ పూర్వ పరిశోధకులు? ఎక్కడుంటారు? వేసుకున్న చొక్కా రంగేంటి? నీలం గళ్ళ చొక్కా, జేబులో పెన్ను లేదు, ప్రస్తుతం మైకు పట్టుకుని మీ ఎదురుగానే నిలబడి తనని తనే తిట్టుకుంటున్నారు, ఎంత నిష్పక్షపాతమో! కోపం చెవులు దాటి మోచేతుల దాకా దిగింది. నిన్న స్లైడ్లు చేస్తున్నప్పుడు కూడా ఇలాగే దిగింది. ఈ బొమ్మ తర్వాత మిగిలింది ఒక్కటే స్లైడు, ఎవరి పని ఎక్కడ అచ్చయిందో చెప్పే ఆధారాల స్లైడు. దాన్ని ఆయన ఎప్పుడూ చూపించరు, "అది ఎవరు చదువుతార్లేమ్మా" అని ధన్యవాదాలు చెప్పేస్తారు. సన్న అక్షరాల్లో ఉంటుంది, చీమ తలకాయలంత. నిన్న ఆ అక్షరాలు కొంచెం పెద్దవి చేశాను. పెద్ద మార్పేం కాదు, ఆఖరి వరసలో కళ్ళజోడు మర్చిపోయి వచ్చినవాడికి కూడా కనపడేంత. పూర్వ పరిశోధకులు అని పైన రాసి, కింద ఆ మూడు పాత పేపర్లు, మూడింటి మీదా ఒక్కటే పేరు. అబద్ధం ఒక్క అక్షరం లేదు. కామాలు కూడా సరిగ్గానే ఉన్నాయి.

నొక్కాలని చేశానా? ఏమో. చేస్తున్నప్పుడు బాగుంది, అంతే. ఆయన ఎలాగూ అక్కడిదాకా రారు కదా. "ధన్యవాదాలు," అంటున్నారు. అదిగో, అన్నంత పనీ అయింది. చప్పట్లు. వేలు బాణం గుర్తు మీదే ఉంది, తియ్యచ్చు. సంచి తీసుకుని, ఫైలు తీసి, పెన్ను మూత తీసి వెళ్ళచ్చు. ఈలోగా ముందు వరస అమ్మాయి చెయ్యెత్తింది. నువ్వు ఎందుకెత్తావే తల్లీ చెయ్యి. "సార్, ఓడిపోయిన ప్రయోగం కూడా పెట్టమని మీరంటే, మేడమ్ వెంటనే ఒప్పుకున్నారా? నేనైతే భయపడేదాన్ని సార్." ఆయన నవ్వారు. ఎంత ధైర్యంగా నవ్వారంటే, నాకు అప్పుడే తెలిసింది, ఈ మనిషి ఇన్నేళ్ళలో నన్నెప్పుడూ ఒక్కసారి కూడా అనుమానించలేదు. దొంగ తను దోచిన ఇంటికి తాళం వేసి తాళంచెవి ఇంటివాళ్ళకే ఇచ్చి వెళ్తున్నట్టు, "ఆ సంగతి ఆవిడనే అడుగుదాం. చెప్పమ్మా, ఎలా ఒప్పించానో చెప్పు వీళ్ళకి, సిగ్గుపడకు," అని వేదిక దిగి, మైకు తెచ్చి నా చేతిలో పెట్టారు. తర్వాత నా చెవి దగ్గర, మైక్కి అందకుండా, "రెండు ముక్కల్లో చెప్పెయ్, నీ కాగితం మీద సంతకం పెట్టి నేను బయల్దేరాలి," అన్నారు. చెయ్యి చాపారు. పెన్ను కోసం.

ఇచ్చేశాను. చెయ్యి దానంతటదే ఇచ్చేసింది. ఫైలు కూడా తీసుకున్నారు, మొదటి వరసలో కూర్చుని కాగితాలు తిప్పుతున్నారు, ఆఖరి కాగితం ఎక్కడో వెతుక్కుంటున్నారు, నాలుగు అంగుళాల మందం, కాస్త టైము పడుతుంది. మైకు ఆన్‌లోనే ఉంది. నా ఊపిరి గోడలకున్న స్పీకర్లన్నింట్లోంచీ వినపడుతోంది, ఎవరో పెద్ద జంతువు హాల్లోకి వచ్చినట్టు. చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది, నేనేమంటే అది రాసుకోవడానికి, రాసుకుని నాలాగే ఏళ్ళ తరబడి దాచుకోవడానికి. మా ఆయన్ని అడిగితే మనకెందుకంటాడు. అత్తయ్యని అడిగితే టీ పెడుతుంది. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను బాబూ, మీరెవరో నాకు తెలీదు, కానీ మీరూ ఎవరో ఒకరి కింద పనిచేసే ఉంటారు, ఎవరో ఒకరి స్లైడ్లు నొక్కే ఉంటారు. ఒక చేతిలో మైకు, ఇంకో చేతి వేలు బాణం గుర్తు మీద, అక్కడ ఆయన చేతిలో నా పెన్ను. సంతకం పడేదాకా ఆగి నొక్కనా? ఆగితే, ఆ ఆగడం ఈయన దగ్గర నేర్చుకున్నదే కాదా? ఇప్పుడే నొక్కితే ఆ గీత ఖాళీగా ఉండిపోదా? నోటితో చెప్పనా, వేలితో చెప్పనా, లేక అవునండీ సారే ఒప్పించారు అని చెప్పి మళ్ళీ ఒక ఫోటోకి నోరు తెరవనా? మీకు పుణ్యముంటుంది, ఏదో ఒకటి చెప్పండి, తొందరగా చెప్పండి. ఆయనకి ఆఖరి కాగితం దొరికినట్టుంది. పెన్ను విదిలిస్తున్నారు. అది రాయట్లేదు. రెండోది కావాలని నావైపే చూస్తున్నారు.